నల్ల గవ్వ రోజు

కొత్తగా బడుల్లో చేరిన లెక్కల మాస్టర్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టగానే అందరూ అడిగేది ఒకటే. "సార్, ఇన్నేళ్ళ సర్వీసులో మీకు బాగా గుర్తున్నదేమిటి?" నేను ర్యాంకులు తెప్పించిన పిల్లల పేర్లు చెబుతానని వాళ్ళ ఆశ. ఆ పిల్లలు నేను చెప్పినా చెప్పకపోయినా లెక్కలు చేసేవాళ్ళే, అందులో నా గొప్పేమీ లేదు. నాకు బాగా గుర్తున్నది నేను తప్పిన లెక్క. అది కూడా నల్లబల్ల మీద కాదు, నీళ్ళలో తప్పాను. ఇక్కడ రాస్తున్నది మీరు చదివి నవ్వుకోవడానికే. నవ్వాక కాస్త జాగ్రత్తపడితే ఇంకా మంచిది.

అరవైలు మొదలైన కొత్తలో నాకు మొదటి పోస్టింగు ఇచ్చారు. దొరవారిసత్రం దాటి తూర్పుగా సైకిలు తొక్కుకుంటూ పోతే పులికాట్ ఒడ్డున చేపలు పట్టుకొని బతికే పల్లె ఒకటి ఉంది. దానికీ, చుట్టుపక్కల వరి పండించే ఊళ్ళకూ కలిపి ఒక హైస్కూలు. బడి అంటే రెండు ఇటుక గదులు, ఒక పొడవాటి కొట్టం. కొట్టాన్ని తాటాకు తడికలతో నాలుగు తరగతులుగా విడగొట్టారు. సరస్సు మీది గాలికి ఆ తడికలు రోజంతా ఊగుతూ ఉండేవి. ఒక తరగతిలో మాట్లాడింది పక్క తరగతిలో ఇంకా బాగా వినబడేది.

నేను చేరిన రోజే హెడ్మాస్టరుగారు బడి టైంటేబులు నా నెత్తిన పెట్టారు. ఆయన మంచి మనిషి, భోజనప్రియుడు. "ఏమయ్యా, లెక్కలు చదివినవాడివి, ఇది కూడా లెక్కే కదా" అన్నారు. నాకంటే ముందు దాన్ని వేసినాయన పుణ్యమా అని తెలుగు పండితుడుగారు ఒకే గంటలో రెండు తరగతుల్లో ఉండాల్సి వచ్చేదట. ఒక్కచోటే ఉన్నప్పుడు కూడా పక్క తరగతి నష్టపోయేది. ఆయన పద్యం ఎత్తుకుంటే తడిక అవతల హిందీ పాఠం నడిచేది కాదు.

నేను కాలేజీలో చదివేటప్పుడు మా లెక్చరరుగారు ఒకసారి సరదాకి చెప్పిన విషయం అప్పుడు గుర్తుకొచ్చింది. ఒకదానికొకటి అడ్డువచ్చే వాటిని చుక్కలుగా పెట్టు. అడ్డువచ్చే చుక్కల మధ్య గీత గీయి. గీతకు రెండు చివరలా ఒకే రంగు రాకుండా చుక్కలకు రంగులు వేయి. ఎన్ని రంగులు పడితే అన్ని గంటలు కావాలని అర్థం. తడికల గోల ఇలా తేలిపోయింది. పంతుళ్ళ గోలకు చుక్కలకు బదులు గీతలకే రంగులు వేశాను. ఒకవైపు పంతుళ్ళ చుక్కలు, ఇంకోవైపు తరగతుల చుక్కలు, ఎవరు ఎవరికి చెప్పాలో అన్ని గీతలు. మొదటి గంటకు ఎరుపు, రెండో గంటకు పచ్చ, అలాగ. ఒక చుక్క దగ్గర ఒకే రంగు గీతలు రెండు కలిశాయంటే పండితుడుగారు మళ్ళీ రెండు చోట్ల ఉండాల్సి వచ్చిందన్నమాట. అలా కలవకుండా చూసుకుంటే సరి.

రంగు పెన్సిళ్ళు డ్రాయింగు మాస్టరుగారివి. ఒక్కొక్క పెన్సిలు ఇచ్చేటప్పుడు ఆయన ముఖం చూస్తే కూతుర్ని అత్తారింటికి పంపుతున్నాడేమో అనిపించేది. అయినా ఇచ్చాడు. మూడు రోజులు కూర్చొని పెద్ద అట్ట మీద ఆ బొమ్మ వేసి ఆఫీసు వరండాలో తగిలించాను. ఎవరికీ ఎవరితోనూ గొడవ రాలేదు. పండితుడుగారు గొంతెత్తినప్పుడు తడిక అవతల పిల్లలు మౌనంగా డ్రాయింగు వేసుకుంటూ ఉండేవాళ్ళు. హెడ్మాస్టరుగారు నా భుజం తట్టారు. ఇరవైమూడేళ్ళ వాడికి అంతకంటే ఏం కావాలి? ఆ అట్ట ముందు రోజుకు నాలుగుసార్లు పని కల్పించుకొని నడిచేవాణ్ణి.

ఒకరోజు అర్జీ రాయించుకోవడానికి ఊరి పెద్దాయన బడికి వచ్చాడు. నల్లగా, సన్నగా, భుజాన తువ్వాలుతో ఉండేవాడు. ఊళ్ళో చేపల వంతులు చూసేది ఆయనే. వచ్చినవాడు అర్జీ సంగతి మరచిపోయి అట్ట ముందు నిలబడిపోయాడు.

"ఇదేంది అయివోరా, మా వంతుల తాడును గోడకు ఎక్కించినారే!" అన్నాడు.

"ఏం తాడు పెద్దాయనా?"

"రేపు తెస్తా, చూద్దురుగాని."

మర్నాడు తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. వేలెడు లావు కొబ్బరి తాడు. దానికి పదకొండు ముళ్ళు, ప్రతి ముడికీ ఒక గుల్ల కట్టి ఉంది. కొన్నిటికి తెల్ల గవ్వ, కొన్నిటికి ఆల్చిప్ప ముక్క, కొన్నిటికి చిన్న శంఖు. ఒకే ఒక ముడికి నల్ల గవ్వ.

ఆ ఊరివాళ్ళు వానలు తగ్గాక రొయ్యలకు కట్టువల వేస్తారు. నీళ్ళు సముద్రం వైపు లాగే చోట కొయ్యలు పాతి, వాటికి అడ్డంగా వల కడితే, నీటితోపాటు పోయే రొయ్య అందులో పడుతుంది. ఊరికి అలాంటి చోట్లు పదకొండు ఉన్నాయి. ప్రతి ఏడూ చీటీలు వేసి ఏ ఇంటికి ఏ చోటో తేల్చుకుంటారు. అయితే దగ్గర దగ్గరి చోట్లలో ఒకే రోజు వల కడితే ముందున్న వలే అంతా తినేస్తుంది, వెనక వలకు ఏమీ మిగలదు. అందుకని చోట్లకు రోజులు పంచారు. తెల్ల గవ్వ చోట్లకు ఒకనాడు, ఆల్చిప్ప చోట్లకు మర్నాడు, శంఖు చోట్లకు మూడోనాడు. నాలుగోనాడు నల్ల గవ్వది. ఐదోనాటికి మళ్ళీ తెల్ల గవ్వ వస్తుంది.

నాకు ఒళ్ళు పులకరించింది. నేను మూడు రోజులు పెన్సిళ్ళు అరగదీసి చేసిన పని వీళ్ళు ఎప్పటినుంచో తాడు మీద చేస్తున్నారు! ఆ సంతోషం అక్కడితో ఆపుకొని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"నల్ల గవ్వ ఒక్కటే ఉందేమిటి?" అని అడిగాను.

"అది నాలుగో చోటు. నల్ల గవ్వ రోజు ఆ వల ఒక్కటే కడతారు."

"ఒక్క వల కోసం మిగతా పది ఇళ్ళూ ఒకరోజు ఊరికే కూర్చుంటాయా?"

"ఊరికే యాడ కూర్చుంటాం, వలలు బాగుచేసుకుంటాం."

"అదే ఎందుకని?"

పెద్దాయన నవ్వాడు. "మా నాయన అట్టా కట్టినాడు. ఆయనకు వాళ్ళ నాయన చూపించినాడు."

ఆ జవాబు నాకు చాలా వెనకబడ్డట్టు కనిపించింది. ఈ పదకొండు చోట్లకు మూడు రంగులే చాలునేమో! చాలితే నాలుగో రోజు మిగులుతుంది, ప్రతి ఇంటికీ వంతు త్వరగా తిరిగి వస్తుంది. నా చదువు ఒక ఊరికి ఉపయోగపడుతుంది. నిజం చెప్పాలంటే ఊరి బాగు కంటే నా అట్ట పక్కన ఇంకో అట్ట తగిలించాలన్న ఆశే నాకు ఎక్కువగా ఉండింది.

ఎండాకాలం సెలవులకు ఇంటికి పోకుండా ఉండిపోయాను. డ్రాయింగు మాస్టరుగారు కూడా గాలి కోసం అని నాతో వచ్చాడు. మే నెలలో ఆ సరస్సు చూడాలి. చాలాచోట్ల చీలమండ దాటి నీళ్ళుండవు. కొయ్యలు పాతే చోట్లన్నీ కాలినడకనే చూశాం. ఏ చోటికి ఏది దగ్గర, నీళ్ళు ఎటునుంచి ఎటు లాగుతాయి అని పడవలు నడిపేవాళ్ళను అడిగి కాగితం మీద చుక్కలు పెట్టి గీతలు గీశాను. నాలుగో చోటు తూర్పున, సముద్రం వైపు ఉంటుంది. తొమ్మిదోది పడమట, లోపలికి ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఐదు, ఎనిమిది పక్కపక్కనే ఉన్నాయి. ఐదూ ఎనిమిదీ ఒకదానికొకటి అడ్డు. నాలుగుకూ ఆ రెండూ అడ్డే, తొమ్మిదికీ అడ్డే. నాలుగుకూ తొమ్మిదికీ మాత్రం గీత లేదు. వాటి మధ్య ఐదునూ ఎనిమిదినీ చుట్టి పెద్ద ఇసకదిబ్బ ఒకటి ఉంది. మధ్యాహ్నం ఆ దిబ్బ మీదే కూర్చొని చద్దిమూట విప్పుకున్నాం. డ్రాయింగు మాస్టరుగారు ఆవకాయ నంజుకుంటూ, "ఎంత చక్కటి చోటయ్యా" అన్నాడు.

ఇంటికొచ్చి రంగులు వేశాను. మూడు రంగులతో సరిపోయింది! నాలుగుకూ తొమ్మిదికీ ఒకే రంగు వచ్చింది, అంతే. ఐదుకు ఎరుపు, ఎనిమిదికి పచ్చ పోగా ఆ రెంటికీ మిగిలేది నీలమే కదా.

వానలకు ముందు వలలు అల్లే పాకలో ఊరివాళ్ళంతా కూర్చున్నారు. నేను అట్ట విప్పి చూపించాను. కుర్రకారుకు వెంటనే నచ్చింది, వంతు నాలుగోనాటికే తిరిగి వస్తుందంటే ఎవరికి చేదు? పెద్దాయన అట్టను చాలాసేపు చూశాడు.

"మూడుతో అయ్యేదుంటే మా తాతలు నాలుగు ఎందుకు పెట్టినారు అయివోరా?"

"వాళ్ళకు రంగు పెన్సిళ్ళు లేవు పెద్దాయనా" అన్నాను నేను. ఈ వయసులో ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

పాక బయట గంప పట్టుకొని ఒకామె నిలబడి ఉంది. మా బడి పంతుళ్ళకు రొయ్యలు తెచ్చి ఇచ్చేది ఆమే, అక్కా అని పిలిచేవాళ్ళం. భర్త చనిపోయాడు. ఆమె ఇంటి వంతుకు ఇద్దరు తమ్ముళ్ళు వల కట్టేవాళ్ళు. "అది గాదయ్యా, వానలప్పుడు ఆ దిబ్బ..." అని ఏదో అనబోయింది. లోపలినుంచి ఎవరో, "నువ్వుండక్కా, అయివోరు చెప్తాండారు గదా" అని కేక వేశారు. నేను విన్నాను. విని కూడా అడగలేదు.

పెద్దాయన తాడు తీసి నా ముందు పెట్టాడు. "మూడుతో జరిగిపోయేటట్టుంటే ఇంక నేనెందుకు? మీ అట్ట చూసుకుంటే సరిపోతాది" అన్నాడు. కోపం లేదు, అలాగని నవ్వూ లేదు. నేను నల్ల గవ్వ ముడి విప్పి ఆ చోట తొమ్మిదోదానికి ఉన్నట్టే తెల్ల గవ్వ కట్టించాను. విప్పిన గవ్వను నా జామెట్రీ పెట్టెలో వేసుకున్నాను. అట్టను పాక గుంజకు కట్టాం. అప్పటిదాకా "ఈ రోజు ఎవురిది?" అని తెల్లారేసరికి పెద్దాయన అరుగు దగ్గర పదిమంది నిలబడేవాళ్ళు. ఆ తర్వాత ఎవరూ నిలబడలేదు. నేను సైకిలు మీద అటువైపు పోతున్నప్పుడు ఆయన ఒక్కడే అరుగు మీద కూర్చొని చేతులు చూసుకుంటూ ఉండేవాడు.

చీటీలు వేశారు. నాలుగో చోటు రొయ్యల అక్కకు పడింది.

వానలు కురిశాయి, సరస్సు నిండింది. వలలు కట్టడం మొదలైన తొలి రోజుల్లో నాకు ఊళ్ళో రాజమర్యాదలే. ఎదురైనవాడల్లా "అయివోరా, మళ్ళీ మా వంతు వచ్చేసింది!" అనేవాడు. హెడ్మాస్టరుగారు స్టాఫు మీటింగులో నా పేరు ఎత్తారు. ఆ సంబరంలో ఒక సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. రొయ్యల అక్క బడికి రావడం మానేసింది. మొదట గమనించింది హెడ్మాస్టరుగారే. వరసగా వారం రోజులు వంకాయ తిన్నారు పాపం.

తర్వాత మాటలు వినబడ్డాయి. అక్క తమ్ముళ్ళకూ తొమ్మిదో చోటు వాళ్ళకూ పడటం లేదట. తొమ్మిదో చోట గంపలు నిండుతున్నాయి, నాలుగో చోట ఏమీ పడటం లేదు. వాళ్ళు దొంగతనంగా రెండో వల కడుతున్నారని వీళ్ళు, వీళ్ళకు కట్టడం చేతకాక ఏడుస్తున్నారని వాళ్ళు. కొయ్యలు పీకేస్తామనే దాకా వచ్చింది. నేను అట్ట దగ్గరికి పోయి మళ్ళీ చూసుకున్నాను. ఏ గీతకూ రెండు చివరలా ఒకే రంగు లేదు. లెక్క సరిగ్గానే ఉంది కదా అనుకొని వచ్చేశాను.

ఆ మర్నాడు తొమ్మిదో తరగతిలో పైథాగరస్ సిద్ధాంతం చెబుతున్నాను. అక్క నేరుగా లోపలికి వచ్చి గంప తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఏందక్కా ఇది?"

"నీ లెక్కకు జవాబు. చూసుకో."

గంపనిండా బురదా, నాచూ. రెండు చిన్న పీతలు. అందులో ఒకటి మెల్లగా దిగి చాక్‌పీసుల డబ్బా ఎక్కింది. పిల్లలు విరగబడి నవ్వారు. అక్క నవ్వలేదు.

"ఇన్ని రోజులనుంచీ ఇదే. ఇంకో నెల పోతే రొయ్యంతా సముద్రంలోకి పోతాది. అప్పుడు వల ఎత్తి ఇంట్లో పెట్టుకోవాల్సిందే. ఏడాది పొడుగునా నేనేం తినేది అయివోరా? నీ రంగులా?"

గోలకు హెడ్మాస్టరుగారు వచ్చి, గంప చూసి ఆశగా లోపలికి తొంగిచూశారు. తర్వాత నావైపు చూశారు. "ఏమయ్యా, ఇదంతా నీ టైంటేబులు వల్లేనా?" అన్నారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "సార్, నాకు మధ్యాహ్నం సెలవు కావాలి" అని మాత్రం అనగలిగాను. "ముందు పోయిరా" అన్నారాయన.

అక్క, ఆమె తమ్ముడొకడు, నేను పడవలో పోయాం. మే నెలలో నేను నడిచిన చోటు అదని ఎవరైనా ఒట్టు పెట్టినా నమ్మేవాణ్ణి కాదు. నిండు నీళ్ళు, నిండు గాలి. దూరంగా పొడుగుకాళ్ళ కొంగల గుంపు. నేను ఇసకదిబ్బ కోసం వెతికాను.

"దిబ్బ యాడుంది?"

"నీ కింద" అన్నాడు తమ్ముడు, గెడ నీళ్ళలో పొడిచి చూపిస్తూ. నడుము లోతు నీళ్ళు. మేము ఆవకాయ నంజుకున్న చోటు మీదుగా పడవ పోతున్నది.

తొమ్మిదో చోటు దగ్గర అక్క గంపలోనుంచి పిడికెడు నాచు తీసి నీళ్ళలో వదిలింది. "దాని యెంట పో" అంది తమ్ముడితో. ఆ నాచు ఐదో చోటు వైపు పోలేదు, ఎనిమిది వైపూ పోలేదు. పక్కకు తిరిగి, మునిగిన దిబ్బ మీదుగా చుట్టి, సూటిగా నాలుగో చోటికి పోయి అక్కడి కొయ్యలకు తగులుకుంది. నా అట్ట మీద లేని గీత నా కళ్ళ ముందు గీసినట్టే అయింది. ఎండాకాలంలో లేని గీత అది. వానాకాలంలో పుడుతుంది. రొయ్యలు పడేదీ వానల తర్వాతే.

"నీకెట్లా తెలుసక్కా?"

"మగోళ్ళు వల దులిపి గంపలో పోసి పండుకుంటారు. కూర్చొని ఏరేది ఎవురు? ఏ చోటుది ఏ గంపో, దాంట్లో ఏముండాదో నాకు తెలీదా? మా ఆయన ఉండేటప్పుడు ఒకేడు వంతులు తారుమారై, ఈ రెండు చోట్లా ఒకే నాడు కట్టినారు. ఆ రోజు కూడా ఇదే నాచు."

"పెద్దాయనకు చెప్పలేదా?"

"ఆయన నన్ను అడగలా. నువ్వు అడిగినావా?"

తమ్ముడు గెడ వేస్తూ ముసిముసిగా నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే పాకలో అందరినీ కూర్చోబెట్టమని అడిగాను. తొమ్మిదో చోటు వాళ్ళు ఒకమూల, అక్క తమ్ముళ్ళు ఇంకోమూల. పెద్దాయన అందరికీ వెనకాల గుంజకు ఆనుకొని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆఫీసరు ముందు కూడా నాకు ఎప్పుడూ అంత భయం వేయలేదు.

"తప్పు నాది" అన్నాను. "ఎవరూ ఎవరి రొయ్యలూ దొంగిలించలేదు. నేను నీళ్ళు లేనప్పుడు వచ్చి చూసి, నీళ్ళున్నప్పటికి లెక్క వేశాను."

పుల్ల తీసుకొని ఇసకలో నాలుగు చుక్కలు పెట్టాను. నాలుగు, ఐదు, ఎనిమిది, తొమ్మిది. అట్ట మీద ఉన్న ఐదు గీతలూ గీశాను. ఇక ఆరోది గీయబోతుంటే అక్క బయటినుంచి లోపలికి వచ్చింది. ఈసారి ఎవరూ ఉండమనలేదు. కాలి బొటనవేలితో తొమ్మిదో చుక్క నుంచి బయట చుట్టూ తిప్పి నాలుగో చుక్కకు గీత కలిపింది, వాకిట్లో ముగ్గు సరిచేసినంత తేలిగ్గా.

"ఇప్పుడు ఈ నాలుగింట్లో ఏ రెండు తీసుకున్నా మధ్య గీత ఉంది" అన్నాను. "ఏ రెంటికీ ఒకే రోజు కుదరదు. నాలుగు రోజులు కావాల్సిందే. మూడు రోజులే పెడితే నాలుగుకూ తొమ్మిదికీ ఒకే రోజు వచ్చి తీరుతుంది. అదే నేను చేసింది. మీ తాతలు సరిగ్గా పెట్టారు."

తొమ్మిదో చోటు వాళ్ళ పెద్దకొడుకు లేచాడు. "అంటే మేం దొంగలం గాదు గదా?"

"కాదు."

"అది గట్టిగా చెప్పండి అయివోరా, వాళ్ళకు వినబడల్యా" అన్నాడు. మళ్ళీ చెప్పాను. అక్క తమ్ముళ్ళు తలలు దించుకొని ఇసక గీకారు. ఎవరో నవ్వారు, ఆ నవ్వు అటూ ఇటూ పాకింది. గొడవ అక్కడితో సరి.

పెద్దాయన ముందుకు వచ్చి కూర్చున్నాడు. తాడు తెప్పించాను, జామెట్రీ పెట్టెలోనుంచి నల్ల గవ్వ తీసి ఆయన చేతిలో పెట్టబోయాను. ఆయన తీసుకోలేదు.

"విప్పినోళ్ళే కట్టాల" అన్నాడు.

తెల్ల గవ్వ విప్పి నల్ల గవ్వ కట్టడానికి కూర్చున్నాను. వాళ్ళు వేసే ముడి నాకు రాదు. మొదటిసారి గవ్వ జారిపోయింది. రెండోసారి ముడే జారిపోయింది. మూడోసారి తాడు మెలికపడి, ఊరంతా కడుపులు పట్టుకొని నవ్వింది. చివరికి పెద్దాయన నా వేళ్ళు పట్టుకొని తిప్పించాడు. ఎట్లాగో నిలిచింది గానీ, పదకొండు ముళ్ళలో అదొక్కటే లావుగా, వంకరగా కనిపించింది. పెద్దాయన దాన్ని బొటనవేలితో తడిమి, "ఉండనీండి" అన్నాడు.

అప్పుడు నన్ను అడిగాడు. "ఈ నాలుగు సంగతి మీ పుస్తకాల్లో ఏమని ఉండాది అయివోరా?"

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాగితం మీద గీతలు ఒకదాన్నొకటి దాటకుండా గీయగలిగితే, ఎన్ని చుక్కలున్నా నాలుగు రంగులు చాలంటారు. ఐదో రంగు కావాల్సిన బొమ్మ ఎవరూ చూపించలేదు. నాలుగు ఎప్పుడూ చాలునని కూడా ఎవరూ నిరూపించలేదు. ప్రపంచంలోని మహా మహా వాళ్ళు వందేళ్ళ పైనుంచీ తలలు పగలగొట్టుకుంటున్నారు.

పెద్దాయన అంతా విని, మొదటిసారి పళ్ళన్నీ కనిపించేటట్టు నవ్వాడు. "అంటే మీ తాతలకు కూడా ఎందుకో తెలీదన్నమాట! నాలుగంటే నాలుగు, అంతే!"

ఆ దెబ్బకు నేను కూడా ఆపుకోలేక నవ్వాను. ఆయన తాడు చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. పోయిన రోజులకు బదులుగా వరసగా మూడు రోజులు నల్ల గవ్వ రోజులేనని చెప్పాడు. అక్క వల ఒక్కటే కట్టాలి. ఎవరూ కాదనలేదు, తొమ్మిదో చోటు వాళ్ళు కూడా. "ఇంక మీదట వంతు మార్చే మాట వస్తే ముందు ఈయమ్మను కూర్చోబెట్టి అడగాల" అన్నాడు పెద్దాయన. "నిలబెట్టి గాదు, కూర్చోబెట్టి" అని మళ్ళీ నొక్కి చెప్పాడు.

మర్నాడు తెల్లారి బడికి పోతూ చూశాను. ఆయన అరుగు ముందు మళ్ళీ మనుషులు ఉన్నారు. నాలుగో రోజు అక్క గంపతో మా బడి వరండా ఎక్కింది. హెడ్మాస్టరుగారు ప్రార్థన మధ్యలోనే ఒక కన్ను తెరిచారు.

రెండేళ్ళకు నాకు కావలికి బదిలీ అయింది. ఆ తర్వాత ఎన్నో బడుల్లో టైంటేబుళ్ళు వేశాను. ఎక్కడ వేసినా అట్ట తగిలించే ముందు గంట కొట్టే అతన్నీ, నీళ్ళు మోసే ఆమెనూ కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. తోటి పంతుళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేవాణ్ణి.

చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు పేపర్లో చిన్న వార్త చదివాను. ఆ నాలుగు రంగుల సమస్యను ఎక్కడో విదేశాల్లో లెక్కలు చేసే యంత్రం సాయంతో నిరూపించారట. ఆదివారం దాకా ఆగలేకపోయాను. సెలవు పెట్టి రైలెక్కి, సూళ్ళూరుపేటలో దిగి, ఆ పల్లెకు పోయాను. పెద్దాయన పోయి అప్పటికి మూడేళ్ళయిందట. అరుగు మీద రొయ్యల అక్క కూర్చొని ఉంది. జుట్టు నెరిసింది. పక్కన తాడు. పెద్దాయన పోయేటప్పుడు ఆమె చేతికే ఇచ్చి పోయాడట.

నేను పేపరు విప్పి, నాలుగు రంగులు చాలని తేలిందని ఉత్సాహంగా చెప్పాను. అక్క నన్ను కిందా మీదా చూసింది.

"నాలుగని మేం ఎప్పుడో చెప్పలేదా? దీనికోసం ఎండలో ఇంత దూరం వచ్చినావా?"

ఆమె చెప్పింది నాలుగు కావాలని. వాళ్ళు నిరూపించింది నాలుగు చాలునని. రెండూ ఒకటి కాదని వివరించబోయి నోరు మూసుకున్నాను. ఆ పల్లెలో నేను చెప్పాల్సిందంతా చెప్పేసి చాలా కాలమైంది.

తాడు చేతిలోకి తీసుకున్నాను. కొత్త తాడు, ఈ మధ్యే పేనినట్టుంది. పది ముళ్ళు సన్నగా, ఒకే తీరుగా ఉన్నాయి. నల్ల గవ్వ దగ్గర మాత్రం ముడి లావుగా, వంకరగా ఉంది, ఆనాడు నేను వేసినట్టే. పక్కన వల బాగుచేస్తున్న కుర్రవాణ్ణి, "ఇదొక్కటి ఇట్లా ఎందుకు వేశారు?" అని అడిగాను.

"నల్ల గవ్వకు అట్టానే వేయాల సార్" అన్నాడు వాడు, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు. "మా తాతలనాటి నుంచీ అంతే."

నేను అక్కవైపు చూశాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది.